వంగిన నడుముకు ఒక ఊతం

మోటారు వాహనాన్ని రూపొందించేవారు అందులో కూర్చునేవారిని గురించి ఎంతో ఆలోచిస్తారు. సీటు ఎంత ఎత్తున ఉండాలి, కాలు ఎంతవరకు చాపుకోవాలి, స్టీరింగు చేతికి ఎట్లా అందాలి అన్న విషయాలపై పెద్ద పెద్ద గ్రంథాలే వెలువడినాయి. కాని అదే వాహనం ముందర వందల గంటలపాటు నిలబడి, నడుము రెండుగా మడిచి, తల ఇంజనులో పెట్టి పనిచేసే మనిషి ఒకడున్నాడు. అతని నడుము కొలత ఎవరైనా తీసుకున్నట్టు కనబడదు. బండి చెడిపోతే బాగుచేయడానికి అతడుంటాడు. అతడు చెడిపోతే మరొకడు వస్తాడు. లోకం తీరు అట్లా ఉంది.

అతనిని గురించి నేను ఆలోచించవలసి రావడానికి కారణం మా అన్నయ్య.

అన్నయ్య విజయవాడ ఆటోనగరులో లారీల మెకానిక్కు. కలకత్తా–మద్రాసు రహదారీ, హైదరాబాదు రహదారీ కలిసే ఊరు కావడంచేత విజయవాడలో లారీల పని ఏనాడూ తక్కువ కాలేదు. 1966లో ఆటోనగరు ఏర్పడిన తరువాత ఇంజను పని, బాడీ కట్టడం, లేతు పని, రేడియేటర్లు, సీట్లు కుట్టడం, పాత సామాను బేరం అన్నీ ఒక్కచోట చేరాయి. ఒక లారీ చాసిస్‌గా లోపలికి పోయి, పూర్తి బండిగా, రంగులు వేసుకొని, వెనుక కవిత్వం రాయించుకొని బయటికి రావచ్చు. అన్నయ్య ఎనిమిదో తరగతితో చదువు మాని ఒక షెడ్డులో చేరాడు. ఆ కూలిడబ్బుతో నేను హాస్టలులో ఉండి చదువుకొన్నాను. తరువాత గుంటూరు జిల్లాలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాడినయ్యాను. ఈ మాట ఇంతకంటె పెంచి చెప్పడం అన్నయ్యకు ఇష్టముండేది కాదు కనుక ఇక్కడితో వదిలేస్తాను.

లారీ ఇంజనుమీద పనిచేసేవాడి భంగిమ చూడనివారికి కొంత వివరించాలి. అప్పట్లో లారీలు రెండు రకాలు. ముందుకు పొడుచుకువచ్చిన ముక్కు ఉన్నవి ఒక రకం. టాటావారికి జర్మనీ బెంజి కంపెనీతో 1954లో కుదిరిన ఒప్పందం 1969 వరకు నడిచింది. ఆ నక్షత్రపు గుర్తు పోయిన చాలా ఏళ్లకు కూడా మావాళ్లు వాటిని బెంజి లారీలనే పిలిచేవారు. వీటికి బోనెట్టు ఎత్తి, బంపరు మీదకో మడ్‌గార్డు మీదకో ఎక్కి లోపలికి వంగాలి. ముక్కులేని రెండోరకంలో ఇంజను డ్రైవరు పక్కనే మూతకింద ఉంటుంది. అక్కడ కేబినులోనే మోకాళ్లమీద కూర్చొని వంగాలి. ఏ బండికైనా వంగడం తప్పదు, వంకర మాత్రమే తేడా.

బరువైన పనికంటె ఓపిక పనే నడుముకు ఎక్కువ చేటు. ఉదాహరణకు టాపెట్లు సరిచేయడం తీసుకోండి. ఆరు సిలిండర్ల ఇంజనుకు వాల్వులు పన్నెండు. ఒక్కొక్కదాని దగ్గర వదలవలసిన సందును అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన, కాగితంలాంటి ఫీలర్ గేజి దూర్చి చూసుకోవాలి. ఒక కుర్రవాడు కింద ఇంజనును మెల్లగా తిప్పుతూ ఉంటాడు. మెకానిక్కు ఒక చేత పానా, ఒక చేత స్క్రూడ్రైవరు పట్టుకొని, ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతూ వంగి ఉంటాడు. ఎత్తేది ఏమీ లేదు. చేతిలో ఉన్న పనిముట్లు అరకిలో ఉండవు. అయినా అరగంట తరువాత నిటారుగా లేవబోతే నడుము మాట వినదు. అన్నయ్య బంపరుమీదనుంచి దిగి, రెండు చేతులూ నడుముమీద పెట్టుకొని, ముఖం ఆకాశంకేసి ఎత్తి ఒక్క నిమిషం అట్లాగే నిలబడేవాడు. ఆటోనగరులో ఏ షెడ్డు ముందర చూసినా ఆ భంగిమలో ఒకరు కనబడేవారు. దానిని ఎవరూ జబ్బు అనుకోలేదు. వృత్తిలో భాగమనుకొన్నారు.

వెన్నెముక అడుగుభాగంలో ఏం జరుగుతున్నదో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కరలేదు. 62 కిలోల మనిషిలో నడుముకు పైనుండే తల, చేతులు, మొండెం కలిపి సగానికి మించి ఉంటాయి. 36 కిలోలనుకొందాం. మనిషి నేలకు సమాంతరంగా వంగినప్పుడు ఆ బరువంతా నడుముకు సుమారు 25 సెంటీమీటర్ల ముందర ఒకచోట ఉన్నట్టు లెక్క. దానిని పడిపోకుండా వెనుకనుంచి లాగి పట్టేవి వీపు కండరాలు. అవి వెన్నుపూసకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. తూనికకోల సూత్రం ప్రకారం అవి 36కు ఐదింతలు, అంటే 180 కిలోల బలంతో లాగితేగాని మనిషి నిలవడు. ఆ లాగుడంతా పూసల మధ్యనుండే మెత్తని బిళ్లలమీద పడుతుంది. చేతిలో గుండుసూది కూడా లేకుండా వంగినవాడు క్వింటాలున్నర పైచిలుకు బరువును నడుముతో నొక్కి పట్టినవాడే.

ఇది కాగితంమీద లెక్క. స్వీడను దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో బ్రతికున్న మనుషుల వెన్ను బిళ్లలలోకే సన్నని సూది పంపి, లోపలి ఒత్తిడిని కొలిచి చూశాడు. నిలబడినప్పుడు ఒత్తిడి 100 అనుకొంటే వెల్లకిల పడుకొన్నప్పుడు 25. ముందుకు వంగి నిలబడినప్పుడు 150. చేతులలో బరువు పట్టుకొని వంగినప్పుడు 220. ఈ అంకెలను నేను ఆ తరువాత ఎప్పుడో చదివాను. అన్నయ్యకు వాటితో పనిలేకుండానే సంగతి తెలిసివచ్చింది.

1982 వర్షాకాలంలో ఒకరోజు బంపరుమీదనుంచి దిగినవాడు నిలబడలేకపోయాడు. నొప్పి ఎడమకాలి మడమదాకా పాకింది. కుర్రవాళ్లు రిక్షాలో ఇంటికి చేర్చారు. వెన్నుపూసల మధ్య బిళ్ల జారి నరాన్ని నొక్కుతున్నదని డాక్టరుగారు చెప్పారు. మూడు వారాలు గట్టి బల్లమీద పడుకోవాలి; ఆ తరువాత వంగి పనిచేయకూడదు. అన్నయ్యకు అప్పుడు నలభైఆరేళ్లు. ఆయనకు వంగకుండా చేసే పని ఏదీ రాదు. వచ్చినా చేసేవాడు కాదేమో. షెడ్డులో ఐదుగురు కుర్రవాళ్లున్నారు, లేతు మిషను కొన్న అప్పు సగం అట్లాగే ఉన్నది. మేస్త్రీకి నడుము పోయిందన్న మాట లారీ యజమానుల చెవిన పడితే బండ్లు పక్క షెడ్డుకు మళ్లుతాయి. ఈ భయంతో జ్వరమని చెప్పించి ఇంట్లో పడుకొన్నాడు.

నేను శని ఆదివారాలు వెళ్లి వచ్చేవాడిని. రెండోవారం వెళ్లేసరికి ఒక వింత చూశాను. అన్నయ్య చెక్కబల్లమీద బోర్లా పడుకొని ఉన్నాడు. ఛాతీ సగం బల్ల అంచుదాటి బయట ఉంది. కింద పీటమీద పళ్లెంలో ఒక జీపు కార్బురేటరు ముక్కలు ముక్కలుగా ఉంది. కుర్రవాడెవడో దొంగచాటుగా తెచ్చి ఇచ్చాడు. వదిన గుమ్మంలో నిలబడి కోప్పడుతున్నది.

“డాక్టరుగారు పడుకోమన్నది ఇందుకా? మంచంమీద కూడా షెడ్డు పెట్టారా మీరు?”

అన్నయ్య ఆ మాట పట్టించుకోలేదు. నన్ను చూసి, “ఒరే, ఇట్లా రా. గంటనుంచి పనిచేస్తున్నాను. నడుమున్నట్టే తెలియడంలేదు. ఎందుకంటావు?” అన్నాడు.

“బరువు బల్ల మోస్తున్నది కదా, అన్నయ్యా! నీ కండరాలకు పనిలేదు.”

“చేతులకు మాత్రం పని జరుగుతున్నది,” అన్నాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. కార్బురేటరు పూర్తిచేసి, గుడ్డతో చేతులు తుడుచుకొని, “అయితే ఈ బల్లను లారీమీదికి ఎత్తాలన్నమాట,” అన్నాడు.

మా ప్రయత్నమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. మిగతాది ఇనుము పని.

ఇటువంటి సాధనాలు అమెరికావంటి దేశాలలో దుకాణాలలోనే దొరుకుతాయని అప్పట్లో మా ఇద్దరికీ తెలియదు. తెలియకపోవడంవల్ల లాభమే కలిగిందని నా అభిప్రాయం. బొమ్మ దొరికి ఉంటే దానినే దించేవాళ్లం. అది మా షెడ్డు నేలమీద నిలిచేది కాదు.

సుద్దముక్కతో వసారా గచ్చుమీద గీయడం మొదలుపెట్టాము. అన్నయ్య బోర్లా పడుకొనే చెప్పేవాడు, నేను గీసేవాడిని. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “ముందుకు బోర్లాపడితే?” ఈ సాధనం ప్రాణమంతా ఆ ప్రశ్నలో ఉంది. మనిషి ఇంజనుమీదికి వాలాలి కనుక బల్ల తప్పనిసరిగా ముందుకు పొడుచుకురావాలి. అట్లా వచ్చినకొద్దీ మనిషి గరిమనాభి ముందుకు జరుగుతుంది. అక్కడినుంచి తూకపుగుండు వదిలితే అది సాధనం నాలుగు కాళ్ల మధ్యనే పడాలి. బయట పడితే మనిషీ సాధనమూ కలిసి రేడియేటరుమీద పడతారు. కనుక అడుగుకాళ్లు బల్లకంటె కూడా ముందుకు, లారీ బంపరుకిందనుంచి లోపలికి చొచ్చుకుపోవాలి. బండి కింద దూరాలి కనుక అవి నేలకు ఐదంగుళాలు మించి లేవకూడదు. అంబాసిడరు కారు కిందకూడా దూరాలని అన్నయ్య పట్టుబట్టాడు. లారీ లేనిరోజు కారు వస్తే పంపించివేయడం ఆయన పద్ధతి కాదు.

చివరకు తేలిన రూపం ఇది. అడుగున నాలుగున్నర అడుగుల పొడవైన రెండు ఇనుప కాళ్లు, మధ్య రెండున్నర అడుగుల ఎడం. వాటి వెనుకభాగంనుంచి కొంచెం ముందుకు వాలిన రెండు నిలువు పైపులు. ఆ పైపులలో మరి రెండు సన్నని పైపులు జారుతాయి. రెండేసి అంగుళాలకొక రంధ్రం. అరంగుళం మందాన ఉక్కు పిన్ను దూర్చితే ఎత్తు మూడున్నర అడుగులనుంచి ఐదడుగులదాకా ఎక్కడ కావాలంటే అక్కడ నిలుస్తుంది. పైన ఛాతీబల్ల. వెనుక రెండు మెట్లు. బల్లమీదినుంచి మెట్టుదాకా మనిషి నిచ్చెనమీద వాలినట్టు ఉంటాడు. బరువులో ఎక్కువ పాలు బల్లమీద, కొంత పాదాలమీద.

చక్రాల విషయంలో వాదం జరిగింది. నాలుగు కాళ్లకూ చక్రాలు పెట్టి, వాటికి బిగింపులు పెట్టాలని వెల్డింగు చేసే అతని సలహా. అన్నయ్య ఒప్పుకోలేదు. మా షెడ్డుది ఆయిలు తాగి నల్లబడిన మట్టినేల. దానిమీద చిన్న చక్రాలు దొర్లవు, దొర్లినా నిలవవు. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. పానాతో బోల్టును లాగేవాడిని బోల్టు కూడా అంతే బలంతో లాగుతుంది. నేలమీద నిలబడినవాడిని పాదాల రాపిడి ఆపుతుంది. చక్రాలమీద పడుకొన్నవాడిని ఏమి ఆపాలి? న్యూటను మూడో సూత్రాన్ని పాతికేళ్లు పాఠం చెప్పిన నాకంటె, పానా జారి వేళ్లు చితికిన అన్నయ్యకు దానితో పరిచయం ఎక్కువ. అందుచేత వెనుకవైపు మాత్రమే రెండు చక్రాలు, అవికూడా నేలకు అరంగుళం పైన అమర్చాము. తోపుడుబండిలాగా ముందువైపు ఎత్తి వెనుకకు వాల్చితే చక్రాలు ఆని కదులుతుంది. దింపితే నాలుగు ఇనుప పాదాలమీద నిలబడుతుంది. పాదాలకు పాత టైరు ముక్కలు కోసి బిగించాము.

ఛాతీబల్ల విషయం ఇంతకంటె సున్నితమైనది. ఊపిరి తీసినప్పుడు ఛాతీ విచ్చుకోవాలి. మొత్తం బరువు రొమ్ము ఎముకమీద పడితే పది నిమిషాలలో ఆయాసం వస్తుంది. పొట్టమీద పడితే భోజనం చేసిన తరువాత పనిచేయలేరు. ఎక్కడ ఎంత ఆనాలో పుస్తకాలలో దొరకలేదు. బాడీలు కట్టే షెడ్డులో మిగిలిన చెక్కముక్క ఒకటి తెచ్చి, రెండు పీపాలమీద అడ్డంగా వేసి, అన్నయ్య దానిమీద పడుకొని, కుర్రవాళ్లచేత కిందా పైనా గోనెసంచులు మడతలుపెట్టించి చూసుకొన్నాడు. అట్లా రెండు సాయంత్రాలు గడిచాయి. చివరకు బల్ల పొడవు ఇరవైరెండు అంగుళాలు, వెడల్పు అడుగున పధ్నాలుగు, భుజాల దగ్గర తొమ్మిది అని తేలింది. పైన సన్నగా లేకపోతే చేతులు ముందుకు రావు, చంకలు ఒరుసుకుంటాయి. మెడ దగ్గర అర్ధచంద్రాకారంగా కోశారు.

సీట్లు కుట్టే సాయిబుగారు దానికి పరుపు వేశారు. ఉత్త ఫోము వేస్తే మనిషి బరువుకు అణగిపోయి కిందనున్న చెక్క తగులుతుందని ఆయన ముందుగానే చెప్పి, అడుగున రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు దళసరిగా పరచి, పైన మాత్రం పలుచగా ఫోము వేసి రెగ్జిను తొడిగారు. డీజిలు పడితే తుడిచేసుకోవచ్చు. అయితే బెజవాడ ఎండలకు రెగ్జిను పెనంలాగా కాలుతుంది. వైశాఖ జ్యేష్ఠాలలో దానిమీద తడిపి పిండిన గోనెసంచి పరిచేవారు. ఎంత ఆలోచించి కుట్టినా చివరికి గోనెసంచే పైకి వచ్చిందని సాయిబుగారు నవ్వేవారు.

తయారైన తరువాత మొదట దానిమీద మనుషులెవరూ ఎక్కలేదు. రెండు సిమెంటు బస్తాలు, అంటే 100 కిలోలు, బల్ల కొసన కట్టి రాత్రంతా ఉంచాము. మర్నాడు అతుకులన్నీ సుత్తితో తట్టి మోత విని చూశారు. పిన్ను తీసి వంపు వచ్చిందేమో గాజుపలకమీద దొర్లించి చూశారు. ఇటువంటివి ఇంట్లో తయారుచేసుకోదలచిన పాఠకులకు నేను నొక్కి చెప్పవలసింది ఈ భాగమే. కింద వేడి ఇంజను, పక్కన బ్యాటరీ ఉంటాయి. వాటిమీద మనిషిని వేలాడదీసే వస్తువును కంటిచూపుతో నమ్మకూడదు.

ఇంత జరిగినా అసలు కష్టం అప్పుడు మొదలైంది. అన్నయ్య దానిమీద ఎక్కనన్నాడు.

తానే ఆలోచించి, తానే కొలతలిచ్చి చేయించిన వస్తువు. రాత్రి షెడ్డు తలుపులు వేసిన తరువాత ఎక్కి చూశాడు, బాగుందన్నాడు. పగలు మాత్రం దానికి టార్పాలిను కప్పి మూలన పెట్టించాడు. “మంచమెక్కి బండి బాగుచేసే మేస్త్రీ అంటారురా. నలుగురిలో ఎట్లా?” అన్నాడు. కష్టపడి పనిచేసేవాళ్లకు తమ కష్టంమీద ఒక అభిమానం ఉంటుంది. అది తగ్గితే తమ విలువ తగ్గుతుందని వారి భయం. యజమాని ఎదుట ఆ భయం ఇంకా ఎక్కువ. చెమట కనబడకపోతే కూలి తగ్గిస్తాడేమోనన్న శంక నిరాధారమైనదికూడా కాదు. అన్నయ్య మళ్లీ బంపరెక్కి వంగడం మొదలుపెట్టాడు. పావుగంటకొకసారి దిగేవాడు. నేను చెప్పి చూశాను, వదిన ఏడ్చి చూసింది.

ఆయన మనసు మార్చినవాడు పధ్నాలుగేళ్ల కుర్రవాడు. ఆ రోజులలో పిల్లలు పన్నెండు పదమూడేళ్లకే పనిలో చేరేవారు. వాడు రెండేళ్లనుంచి షెడ్డులో ఉన్నాడు. వాడు ఒకనాడు జీపుమీద పనిచేసి దిగి, రెండు చేతులూ నడుముమీద పెట్టుకొని, ముఖం పైకెత్తి నిలబడ్డాడు. అన్నయ్య చూశాడు. “నొప్పా?” అన్నాడు.

“కాదు గురువుగారూ, మీరు నిలబడతారుగా.”

వాడికి నొప్పి ఉన్నదో లేదో ఈనాటికీ నాకు స్పష్టంగా తెలియదు. పని నేర్చుకొనేవాడు పానా పట్టుకోవడంతోపాటు నడుము పట్టుకోవడం కూడా నేర్చుకొంటున్నాడు. అన్నయ్య ఏమీ అనకుండా వెళ్లి టార్పాలిను లాగేశాడు. మధ్యాహ్నం రెండుగంటలవేళ, లారీ యజమాని ఎదురుగా కుర్చీలో కూర్చొని చూస్తుండగా, బల్లమీద వాలి పన్నెండు టాపెట్లు సరిచేశాడు. యజమాని నవ్విన మాట నిజమే. “మేస్త్రీగారు, దిండు కూడా తెప్పించమంటారా?” అన్నాడట. బండి స్టార్టుచేసి చప్పుడు విన్న తరువాత మరేమీ అనలేదు. ఆటోనగరులో ఆఖరి తీర్పు ఇంజను చప్పుడుదే.

ఆ తరువాత దాని హద్దులు కూడా తెలిసివచ్చాయి. అది అన్ని పనులకూ పనికివచ్చే సాధనం కాదు. సిలిండరు హెడ్డు బోల్టులు బిగించడంవంటి బలం పెట్టే పనికి నేలమీదనో బంపరుమీదనో కాళ్లు ఆనించి నిలబడవలసిందే. పడుకొన్నవాడికి తన ఒంటి బరువు పానామీద వేసే వీలుండదు. టాపెట్లు, డీజిలు పైపులు, వైర్ల పని, కార్బురేటరు, వాటరుపంపు గాస్కెట్టు గీకడం మొదలైన నిదానపు పనులకు దానికి సాటిలేదు. ఇంజను నడుస్తుండగా దానిమీద ఎవరూ ఎక్కకూడదని అన్నయ్య నియమం పెట్టాడు. నిలబడినవాడు ఫ్యాను తగలబోతే వెనక్కు గెంతగలడు. బోర్లా పడుకొన్నవాడికి వెనుక అడుగు ఉండదు. మెడలో తువ్వాలుతో ఎక్కినవాడిని దింపివేసేవాడు. అరగంటకు మించి ఒకే తీరున పడుకోవడం కూడా మంచిది కాదు. బరువు బల్ల మోసినా, తల మాత్రం మెడే మోస్తుంది. ముక్కులేని లారీలకు ఇది అసలు పనికిరాదు. వాటికోసం కేబినులో రెండు సీట్లమధ్య అడ్డంగా వేసే మెత్తబల్ల ఒకటి వేరే చేయించాడు. జీపుకు అంత అట్టహాసం అక్కరలేదు. దాని మడ్‌గార్డులు చదునుగా ఉంటాయి కనుక ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుపువేసిన పలక ఒకటి వేసుకొంటే చాలు. సొంతబండి ఉన్నవారు కూడా ఈపాటి ఏర్పాటు అరపూటలో చేసుకోవచ్చు. పలక జారకుండా అడుగున రెండు కొసలా రబ్బరు అతికించాలి, అంతే.

1983 డిసెంబరులో మారుతి కారు వచ్చింది. చిన్న బోనెట్టు, అడ్డంగా కూర్చున్న ఇంజను, అన్నీ కిందికి ఉన్నాయి. లారీలవాళ్లు దానిని ఆటబొమ్మ అన్నారుగాని, కార్ల మెకానిక్కులు దానిమీద పనిచేయడానికి ఇంకా వంగవలసివచ్చింది. అప్పుడు పక్క వీధులనుంచి ఒకరిద్దరు వచ్చి మా సాధనాన్ని చుట్టూ తిరిగి చూసి, జానలతో కొలుచుకొని పోయారు. నాకు తెలిసి అటువంటివి నాలుగు తయారైనాయి. నాలుగే. ఇంత మేలైన వస్తువు ఆటోనగరంతా ఎందుకు వ్యాపించలేదని నన్ను కొందరడిగారు. స్థలం చాలకపోవడం ఒక కారణం. ఒక షెడ్డులో నాలుగున్నర అడుగుల ఇనుపకాళ్లు మూలపెట్టుకోవడం సులభం కాదు. దానికంటె పెద్ద కారణం, నడుము నొప్పి పుట్టిన తరువాతనే మనిషికి ఇది అవసరమని తోచడం. ఇరవైఏళ్లవాడు దాని వంక చూడడు. నలభైఏళ్లవాడు చూసేసరికి ఆలస్యమవుతుంది. అన్నయ్య షెడ్డులో మాత్రం కుర్రవాళ్లకు ఇష్టాయిష్టాలు లేవు. నిదానపు పని బల్లమీదనే చేయాలి.

డాక్టరుగారి మాట పూర్తిగా నెరవేరలేదు, పూర్తిగా తప్పలేదు. అన్నయ్య ఎడమకాలి చిటికెనవేలికి స్పర్శ తిరిగి రాలేదు. చలికాలంలో నొప్పి ఉండేది. కాని 1999 వరకు, అంటే మరి పదిహేడేళ్లు, సొంత చేతులతో ఇంజన్లు విప్పి బిగించాడు. లేతు అప్పు తీర్చాడు. పిల్లల పెళ్లిళ్లు చేశాడు. కేబిను మొత్తం ముందుకు వాలి ఇంజను బయటపడే లారీలు వచ్చినప్పుడు షెడ్డులో కుర్చీ వేసుకొని కూర్చొని చూసి, “ఈ బుద్ధి వీళ్లకు ముప్పైఏళ్ల కిందట పుడితే నా నడుము నాకుండేది,” అన్నాడు. అది ఫిర్యాదు కాదు. బండి కట్టినవాడికి తోటి పనివాడిగా చెప్పిన మాట.

అమెరికాలో ఉన్న అన్నయ్య కొడుకు ఒకసారి అక్కడి దుకాణంలో అమ్మే సాధనం ఫొటో పంపాడు. మడతపెట్టే నిచ్చెన, నాలుగు చక్రాలు, పైన మెత్తని బల్ల. నాలుగువందల పౌండ్లు మోస్తుందట. అన్నయ్య కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూశాడు. చక్రాలు బాగున్నాయన్నాడు. మడతపడటం కూడా బాగుందని, అది మనకు తోచలేదని ఒప్పుకొన్నాడు. భుజాలదగ్గర వెడల్పు ఎక్కువైంది, చంకలు ఒరుసుకుంటాయని మాత్రం తేల్చాడు. ఆ సంగతి కంపెనీవారికి ఉత్తరం రాయమని కొడుకుకు చెప్పాడు; రాశాడో లేదో తెలియదు.

అన్నయ్య పోయి కొన్నేళ్లయింది. నడుముమీద చేతులు పెట్టుకొని నిలబడిన ఆ కుర్రవాడికి ఇప్పుడు యాభై దాటాయి. షెడ్డు వాడే నడుపుతున్నాడు. సన్నని చదరపు పైపుతో మరో రెండు చేయించాడు. పాతదాని చెక్క నాలుగుసార్లు మారింది, సాయిబుగారి మనుమడు దానికి పరుపు కుడుతున్నాడు; పైపులు, కాళ్లు మాత్రం మొదటివే. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, నేను అట్టమీద గీసి గోడకు తగిలించిన పాత పటం ఆయిలు మరకలకు చదవరాకుండా పోయిందని, కొత్తది గీసి ఇమ్మని అడిగాడు. గచ్చుమీద కూర్చొని గీశాను. వంగి గీస్తున్నానని వాడు వెళ్లి ఒక బల్ల తెచ్చి ముందర పెట్టాడు.